ర్యాంకు పక్కన పెట్టి ప్రశ్నపత్రం తీయండి

సెంట్రల్ యూనివర్సిటీల్లో డిగ్రీ సీట్లకి రాసే ఉమ్మడి పరీక్ష సీయూఈటీ మార్కులు వచ్చి సీట్ల కేటాయింపు మొదలయ్యే రోజుల్లో నాకు వచ్చే ఫోన్లన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తాను కాబట్టి, తిరుపతి చుట్టుపక్కల తెలిసినవాళ్ల పిల్లలకి ఎక్కడ సీటొచ్చినా చివరికి ఆ ప్రశ్న నా దగ్గరికే వస్తుంది: "మేడం, ఈ రెండిట్లో ఏది మంచిది?" ఒకటి బాగా పేరున్నది, ఇంకోటి ఎవరూ విననిది అయితే ఆ ఫోనే రాదు. రెండూ ఒకే స్థాయివైనప్పుడే వస్తుంది. రెండూ ప్రభుత్వ యూనివర్సిటీలే, రెండిటికీ ఒకటే పరీక్ష, ఫీజు కాస్త అటూ ఇటూ. అయినా ఇంట్లో ఎవరికీ అన్నం సయించదు.

ఈ ఏడాది ఆ టెన్షన్ మా అక్కవాళ్ల ఇంట్లోనే చూశాను. బావది బంగారుపాళ్యం దగ్గర మామిడి తోట. కూతుర్ని తిరుపతిలో హాస్టల్లో పెట్టి ఎంఈసీ చదివించాడు. పిల్లకి బీఏ ఆనర్స్ ఎకనామిక్స్‌కి రెండు చోట్ల సీటొచ్చింది, ఒకటి ఉత్తరాదిన, ఒకటి దక్షిణాదిన. వాటి పేర్లు ఇక్కడ రాయను. ఒకదానిలో లోపం గురించి చెప్పబోతున్నాను, ఒక విద్యార్థిని మాట పట్టుకుని ఒక సంస్థ మీద ముద్ర వేయడం న్యాయం కాదు.

నేను వెళ్లేసరికి బావ ఒక నోట్‌బుక్ నిండా రాసిపెట్టాడు. నాణ్యతకిచ్చే న్యాక్ గ్రేడు, కేంద్ర ప్రభుత్వం ఏటా ఇచ్చే ఎన్ఐఆర్ఎఫ్ ర్యాంకు, క్యాంపస్ ఎన్ని ఎకరాలు, ప్లేస్‌మెంట్ ప్యాకేజీ ఎంత, ఊరి నుంచి రైలుంటే ఎన్ని గంటలు. ఆ పేజీ చూస్తే నాకు గౌరవమే కలిగింది. తోటకి మందు కొనేటప్పుడు కూడా నాలుగు షాపులు తిరిగే మనిషి, కూతురి చదువు దగ్గర అంతకన్నా ఎక్కువే తిరిగాడు. కానీ ఆ పేజీ మొత్తంలో ఎకనామిక్స్ అన్న మాటే లేదు. ఆ నోట్‌బుక్ పట్టుకుని పిల్లని బోటనీలో చేర్చినా అవే అంకెలు సరిపోతాయి.

నా అభిప్రాయం ఒక్కటే, ఈ వ్యాసమంతా దాని గురించే. రెండు యూనివర్సిటీలు ఒకేలా కనిపిస్తున్నప్పుడు రెండిట్లోనూ రెండో ఏడాది సెమిస్టర్ ప్రశ్నపత్రాలు సంపాదించి పక్కపక్కన పెట్టి చదవండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఒకే పేరు, రెండు చదువులు

ఎకనామిక్స్‌కే ఎందుకింత పట్టుబడుతున్నానంటే, మన దేశంలో బీఏ ఎకనామిక్స్ అన్న ఒకే పేరు కింద రెండు వేరు వేరు చదువులు నడుస్తున్నాయి. ఒకటి వివరించే చదువు. సిద్ధాంతం ఏమిటి, దాని ఊహనలు ఏమిటి, పరిమితులు ఏమిటి, పంచవర్ష ప్రణాళికల లక్ష్యాలు ఏమిటి. ఇంటర్‌లో మేం చెప్పేది దాదాపు ఇదే. రెండోది లెక్క కట్టే చదువు. కలన గణితం, మాత్రికలు, సంభావ్యత, అంచనాలు వేయడం, చివరికి ఎకనోమెట్రిక్స్, అంటే అసలు అంకెలతో సిద్ధాంతాన్ని సరిచూసే పని. సబ్జెక్టుల పట్టిక చూస్తే రెండిట్లోనూ మైక్రో, మాక్రో, స్టాటిస్టిక్స్, భారత ఆర్థిక వ్యవస్థ అనే ఉంటాయి. వెబ్‌సైట్‌లో సిలబస్ చదివినా తేడా తెలియదు, ఎందుకంటే సిలబస్ రాసేవాళ్లు ఎప్పుడూ కాస్త ఎక్కువే రాస్తారు. అందులో ఎంత నిజంగా జరుగుతోందో ప్రశ్నపత్రంలో బయటపడుతుంది.

ఈ తేడా డిగ్రీ తర్వాత ఎంత గట్టిగా తగులుతుందో చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. 2021 నుంచి ఐఐటీల పీజీ ప్రవేశ పరీక్ష జామ్‌లో ఎకనామిక్స్ పేపరు కూడా ఉంది. అందులో మైక్రో, మాక్రోలతో పాటు స్టాటిస్టిక్స్, మ్యాథమెటిక్స్ కూడా వేరే విభాగాలుగా ఉన్నాయి. ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో క్వాంటిటేటివ్ ఎకనామిక్స్ పీజీకి రాసే పరీక్షలో లెక్కలు రాకపోతే అడుగు పడదు. మూడేళ్లు వివరించే చదువు చదివిన పిల్ల తెలివి తక్కువది కాదు. కానీ ఆ పరీక్ష హాల్లో కూర్చున్నప్పుడు తనకి ఎవరూ నేర్పని భాషలో ప్రశ్నలు కనిపిస్తాయి. అప్పుడు ఆ పిల్ల తననే తప్పుపట్టుకుంటుంది. ఇలాంటి పిల్లలు సెలవుల్లో నా దగ్గరికి వచ్చి కూర్చుంటారు. ఆ బాధ చూసే ఇది రాస్తున్నాను.

వివరించే చదువు పనికిరానిదని నేను అనను. గ్రూప్స్‌కో, సివిల్స్‌కో, జర్నలిజానికో వెళ్లాలనుకునే పిల్లకి అదే నయం కావచ్చు. ఏది కొంటున్నామో తెలిసి కొనమంటున్నాను, అంతే.

ర్యాంకు కొలిచేది వేరే

ఎన్ఐఆర్ఎఫ్ తొలి ర్యాంకులు 2016లో వచ్చాయి. అందులో ఇంజనీరింగ్, మేనేజ్‌మెంట్, లా, మెడికల్ లాంటి వాటికి వేరే జాబితాలున్నాయి. ఎకనామిక్స్‌కి లేదు. అంటే బావ రాసుకున్న ర్యాంకు మొత్తం యూనివర్సిటీది. యూనివర్సిటీల జాబితాలో నూటికి 30 మార్కులు పరిశోధనకి పోతాయి. ఆ 30లో ఎక్కువ భాగం తెచ్చేవి సాధారణంగా ఏవి? కెమిస్ట్రీ, ఫిజిక్స్, లైఫ్ సైన్సెస్ ల్యాబులు. అక్కడ ఎంత మంచి పరిశోధన జరిగినా ఆర్ట్స్ బ్లాకులో కూర్చున్న మొదటి సంవత్సరం పిల్లకి దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. ఇంకో 10 మార్కులు పర్సెప్షన్‌కి, అంటే బయటివాళ్లు ఆ సంస్థ గురించి ఏమనుకుంటున్నారన్న దానికి. కాబట్టి జాబితాలో పాతిక స్థానాలు పైనో కిందో ఉందంటే ఎకనామిక్స్ క్లాసులో ఏం జరుగుతోందో దాన్నిబట్టి చెప్పలేం.

ప్లేస్‌మెంట్ ప్యాకేజీ సంగతీ అంతే. అత్యధిక ప్యాకేజీ అని పెద్ద అక్షరాలతో వేసేది ఎవరో ఒక్కరి జీతం. అది ఏ కోర్సు విద్యార్థిదో కూడా రాయరు.

ఢిల్లీ యూనివర్సిటీ సంగతి మాత్రం వేరుగా చెప్పుకోవాలి. అక్కడ బీఏ ఆనర్స్ ఎకనామిక్స్ సిలబస్ కాలేజీలన్నిటికీ ఒకటే, సెమిస్టర్ చివర రాసే యూనివర్సిటీ పరీక్ష కూడా ఒకటే. శ్రీరామ్ కాలేజీ పిల్లలు రాసే పేపరే పేరు వినని కాలేజీ పిల్లలూ రాస్తారు. రెండు ఢిల్లీ కాలేజీల మధ్య ఊగిసలాడేవాళ్లకి నా ప్రశ్నపత్రం సలహా పనిచేయదు, చేయనక్కరలేదు కూడా. హాస్టల్ ఉందా లేదా అన్నది చూసుకుంటే చాలు. అక్కడ చాలా కాలేజీల్లో హాస్టల్ లేదు, ఉన్నచోట సీట్లు కొద్దే. బయట పేయింగ్ గెస్ట్‌గా ఉంటే అద్దె, భోజనం కలిపి ఫీజుని ఎప్పుడో దాటేస్తాయి.

డైనింగ్ టేబుల్ మీద రెండు పేపర్లు

పేపర్లు సంపాదించడం పెద్ద పనేమీ కాలేదు. ఒక యూనివర్సిటీ లైబ్రరీ పేజీలో పాతవి ఉన్నాయి. ఇంకోదానికి సీనియర్ల వాట్సాప్ గ్రూపులో అడిగితే ఒకమ్మాయి ఫోటోలు తీసి పంపింది. జిరాక్స్ షాపులో ప్రింటు తీయించి అక్కవాళ్ల డైనింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెట్టాం. రెండూ మూడో సెమిస్టర్ మైక్రో ఎకనామిక్స్ పేపర్లే.

మొదటి దాంట్లో ఒక పెద్ద ప్రశ్న: సబ్సిడీ అంటే ఏమిటి, దాని ప్రయోజనాలు, లోపాలు చర్చించండి. రెండో దాంట్లో అదే విషయం మీద: డిమాండ్ సమీకరణం, సప్లై సమీకరణం ఇచ్చి, ప్రభుత్వం యూనిట్‌కి ఇంత సబ్సిడీ ఇస్తే అందులో కొనేవాడికి దక్కేదెంత, అమ్మేవాడికి దక్కేదెంత, కొనేవాళ్ల మధ్య పోటీ లేకపోతే ఈ జవాబు ఎలా మారుతుంది?

బావకి ఇంగ్లీషు అంతంతమాత్రం. నేను తెలుగులో చెప్పాను. రెండో ప్రశ్న వినగానే ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నాడు. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయినప్పుడు ఏం జరిగిందో మా జిల్లాలో ఎవరికీ గుర్తుచేయక్కర్లేదు. కిలోకి 12 రూపాయలు వచ్చేలా చూస్తామన్నారు. అందులో 8 గుజ్జు ఫ్యాక్టరీలు ఇవ్వాలి, 4 ప్రభుత్వం కలపాలి. ఆ 8 చేతికి రావడం మీదే గొడవంతా నడిచింది. ఫ్యాక్టరీ గేట్ల ముందు కాయలతో ట్రాక్టర్లు బారులు తీరి నిలబడ్డాయి.

"ఆ నాలుగు మాకొచ్చినట్టా, ఫ్యాక్టరీకి పోయినట్టా?" అన్నాడు బావ.

ఆ పేపరు అడిగింది సరిగ్గా అదే. పుస్తకం ప్రకారం చూస్తే, పక్వానికొచ్చిన కాయ ఆగదు. రైతు ఈ వారం అమ్మకుండా వచ్చే నెల అమ్మలేడు. సప్లై వ్యాకోచత్వం, అంటే ధర మారితే అమ్మే సరుకు ఎంత మారుతుందన్నది, దాదాపు సున్నా. కొనేవాళ్లు చాలామంది పోటీ పడుతుంటే, అలాంటి చోట ఇచ్చిన సబ్సిడీ దాదాపు మొత్తం రైతుకే చేరాలి. కానీ కొనేది కొద్దిమంది అయినప్పుడు లెక్క తిరగబడుతుంది. రైతు ఎలాగూ అమ్మక తప్పదని వాళ్లకి తెలుసు, పైన 4 వస్తున్నాయనీ తెలుసు, కాబట్టి తాము ఇచ్చే ధర తగ్గించుకోవచ్చు. అందుకే 4 ఒక్కటే ప్రకటిస్తే సరిపోదు, 8కి కూడా గీత గీయాల్సి వచ్చింది. ఆ గీత ఎవరు కాపాడతారన్నది మళ్లీ వేరే ప్రశ్న. పిల్ల పెన్సిల్ తీసుకుని వెనక పేజీలో రెండు గీతలు గీసి, సప్లై గీతని నిలువుగా చేసి చూసింది. "పిన్నమ్మా, ఇది నాన్న తోట కదా" అంది.

మొదటి పేపరు రాసిన పిల్ల కూడా సబ్సిడీ గురించి నాలుగు పేజీలు రాయగలదు. కానీ బావ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పలేదు. ఈ ఒక్క ఉదాహరణతో మొత్తం యూనివర్సిటీని తూచేయొచ్చా అంటే తూచకూడదు. మేం ఒక్క పేపరుతో ఆగలేదు. స్టాటిస్టిక్స్ పేపర్లూ, మాక్రో పేపర్లూ చూశాం. ధోరణి అదే. ఒకచోట నిర్వచనాలు, ఇంకోచోట అంకెలిచ్చి తేల్చమనడం.

మరి పేరుకి విలువ లేదా?

ఇక్కడే నా వాదనకి గట్టి ఎదురుదెబ్బ ఉంది. దాన్ని దాటవేయను.

అమెరికాలో స్టేసీ డేల్, అలన్ క్రూగర్ అనే ఆర్థికవేత్తలు 2002లో ప్రచురించిన పరిశోధన ఒకటి తరచుగా చెప్తుంటారు. దాదాపు ఒకే కాలేజీలకి దరఖాస్తు చేసి, ఒకే తీరుగా సీట్లు తెచ్చుకున్న పిల్లల్లో, గట్టిగా వడపోసి సీట్లిచ్చే పేరున్న కాలేజీలో చేరినవాళ్లకీ, చేరకుండా వేరే కాలేజీకి వెళ్లినవాళ్లకీ తర్వాత సంపాదనలో పెద్ద తేడా కనిపించలేదు. పిల్లలోనే ఉన్న సత్తా ఎక్కువ పనిచేసిందన్నమాట. ఇది వింటే నాలాంటివాళ్లకి హాయిగా ఉంటుంది. కానీ అదే పరిశోధనలో, తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాల పిల్లలకి మాత్రం పేరున్న కాలేజీ వల్ల లాభం కనిపించింది. మా బావ కూతురు ఏ కోవలోకి వస్తుంది? ఆ రెండో కోవలోకే.

మన దేశం సంగతి ఇంకా సూటిగా ఉంది. శీతల్ శేఖ్రి అనే ఆర్థికవేత్త మన కాలేజీల మీద చేసిన అధ్యయనం 2020లో వచ్చింది. పేరున్న ప్రభుత్వ కాలేజీలో కటాఫ్‌కి కాస్త పైన ఉండి సీటు దక్కినవాళ్లనీ, కాస్త కిందుండి తప్పినవాళ్లనీ పోల్చారు. చివరి పరీక్ష మార్కుల్లో తేడా లేదు. జీతాల్లో ఉంది. అంటే ఎక్కువేమీ నేర్పకపోయినా పేరుకి డబ్బులొచ్చాయి. ఇది చదివాక నేను చాలాసేపు ఆలోచించాను. పేరుకే జీతం ఇచ్చే లోకంలో ప్రశ్నపత్రం చూడమని పిల్లలకి చెప్పడం సబబేనా?

సబబే అనుకుంటున్నాను, ఒక షరతుతో. ఆ పరిశోధనలు చెప్పేది పేరులో పెద్ద తేడా ఉన్నచోట. గుమ్మం దగ్గరే ఉద్యోగమిచ్చేవాడు గుర్తుపట్టే పేరు ఒకటి, గుర్తుపట్టని పేరు ఒకటి అయితే, పిల్లది స్తోమత లేని ఇల్లయితే, పేరు వైపే వెళ్లమంటాను. వెనక ఉన్న చదువు కాస్త బలహీనంగా ఉన్నా సరే, మిగతాది సొంతంగా నేర్చుకోవచ్చు. కానీ నాకు వచ్చే ఫోన్లు అలాంటివి కావు. 40వ ర్యాంకుకీ 60వ ర్యాంకుకీ మధ్య నలిగేవాళ్లవి. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఇంటర్వ్యూలో కూర్చున్నవాడికి ఆ రెండు పేర్ల మధ్య తేడా తెలియదు. అక్కడ పేరు పని చేయనప్పుడు మిగిలేది పిల్లకి వచ్చిన పని. ఎక్సెల్ షీట్ ఇచ్చి ఇందులో ఏముందో చెప్పమంటే చెప్పగలగడం.

ప్రైవేటు యూనివర్సిటీల విషయంలో ఈ షరతు ఇంకా గట్టిగా పెట్టుకోవాలి. మన తిరుపతి జిల్లాలోనే శ్రీసిటీలో క్రియా యూనివర్సిటీ ఉంది. అక్కడా ఎకనామిక్స్ చెప్తారు. అలాంటి చోట చదువు ఎంత బాగున్నా ఖర్చు లక్షల్లో మాట. ప్రభుత్వ యూనివర్సిటీలో అదే తరహా పేపరు రాయిస్తుంటే, ఆ లక్షల తేడాకి బదులుగా ఏమిస్తున్నారో అడిగి, స్కాలర్‌షిప్ ఎంత శాతమో కాగితం మీద రాయించుకున్నాకే అడుగు వేయాలి. తోట మీద అప్పు తెచ్చి రెండు సమానమైనవాటిలో ఖరీదైనది కొనడం నేను ఒప్పుకోను.

గ్రూపు తీసుకున్న రోజే సగం అయిపోతుంది

ఇంటర్‌లో చేరబోయే పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఇది చదువుతుంటే ఒక్క మాట. ఢిల్లీ యూనివర్సిటీ ఎకనామిక్స్ ఆనర్స్‌కి సీయూఈటీలో మ్యాథ్స్ రాసి తీరాలి. లెక్కలు భయమని పిల్లని ఎంఈసీ మాన్పించి సీఈసీలో చేర్చిన రోజే ఆ తలుపు మూసుకుంటుంది. ఎంపీసీ చదివి ఇంజనీరింగ్ వద్దనుకున్న పిల్లలు ఎకనామిక్స్‌కి రావచ్చు, వాళ్లు బాగా రాణిస్తారు కూడా. సీఈసీ పిల్లలకి ఎకనామిక్సే ఇష్టమైతే, డిగ్రీలో చేరే ముందు వేసవిలోనే కలన గణితం మొదలుపెట్టాలి. ఈ మాట పదో తరగతి అయిన రోజు చెప్పేవాళ్లు మన దగ్గర చాలా తక్కువ.

పేపరు చెప్పనిది

ప్రశ్నపత్రం బాగున్నంత మాత్రాన పాఠం జరుగుతున్నట్టు కాదు. ఇది నా వాదనలో రెండో బలహీనత, దీనికి పేపర్లలో జవాబు దొరకదు. అందుకే ఆ ఫోటోలు పంపిన అమ్మాయికి మా పిల్ల చేత ఫోన్ చేయించాను. క్యాంపస్ బాగుంటుందా, మెస్ బాగుంటుందా అని అడగొద్దని ముందే చెప్పాను. అడగమన్నది రెండే: పోయిన సెమిస్టర్ స్టాటిస్టిక్స్ మీకెవరు చెప్పారు, సిలబస్ పూర్తయిందా?

లెక్కలడిగే ఆ మంచి పేపర్ల యూనివర్సిటీలోనే స్టాటిస్టిక్స్ పోస్టు ఖాళీగా ఉందట. సెమిస్టర్ మధ్యలో గెస్ట్ లెక్చరర్ వచ్చారు, చివరి రెండు యూనిట్లు పిల్లలే యూట్యూబ్‌లో చూసుకున్నారు. ఇంకో యూనివర్సిటీలో పాఠాలు క్రమంగా జరుగుతున్నాయి, పాఠం మాత్రం నోట్స్ చెప్పి రాయించడమే.

అంటే ఒకచోట పరీక్ష బాగుంది, మనిషి లేడు. ఇంకోచోట మనిషి ఉన్నాడు, పరీక్ష బాగాలేదు. బావ నా వైపు చూశాడు, ఇప్పుడేమంటావన్నట్టు.

నేను పరీక్ష బాగున్నదే అన్నాను. కారణం ఇదీ. గెస్ట్ లెక్చరర్ సమస్య ఒక్క పేపరుది, ఒక్క సెమిస్టర్‌ది. పోస్టు భర్తీ కావచ్చు, కాకపోయినా పరీక్షలో అడుగుతారన్న భయంతో పిల్లలు పది మంది కూర్చుని నేర్చుకుంటారు. ఆ అమ్మాయి మాటల్లోనే అది తెలిసింది, చివరి రెండు యూనిట్ల గురించి మా పిల్లకి ఫోన్లోనే చెప్పుకుపోయింది. నోట్స్ రాయించే చోట అడిగేవాడు లేడు కాబట్టి నేర్చుకోవాల్సిన అవసరమే పుట్టదు. పరీక్ష ఏది అడుగుతుందో క్లాసు మొత్తం అటే తిరుగుతుంది. ఇంటర్‌లో ఇన్నేళ్లుగా నేను రోజూ చూస్తున్నది అదే, మంచికైనా చెడుకైనా.

అక్క ఒప్పుకోలేదు. పాఠం చెప్పే మనిషి లేని చోటికి ఆడపిల్లని అంత దూరం పంపి, యూట్యూబ్ చూసి చదువుకోమంటావా అంది. అది కొట్టిపారేసే మాట కాదు. ఇంట్లో మొదటి తరం డిగ్రీ చదువుతున్న పిల్లకి పక్కన కూర్చుని చెప్పే మనిషి ఎంత అవసరమో నాకు తెలుసు. మా పిల్లకి లెక్కల్లో భయం లేదు కాబట్టి నేనలా చెప్పాను. భయం ఉన్న పిల్ల అయితే అక్క మాటే నిజమయ్యేది. చివరికి పిల్లే తేల్చుకుంది, పరీక్ష బాగున్నదానికే ఒప్పుకుని ఫీజు కట్టింది. స్టాటిస్టిక్స్ మొదటి యూనిట్లు చేరేలోపే నా దగ్గర చదువుకుంటోంది.

ఇదంతా ఒక ఇంట్లో టీచరు ఉండబట్టి జరిగింది. బంగారుపాళ్యంలో, పీలేరులో, సత్యవేడులో ఎకనామిక్స్ చదవాలనుకునే మిగతా పిల్లల సంగతేమిటి? ప్రతి ఎకనామిక్స్ డిపార్ట్‌మెంటూ తన పేజీలో మూడేళ్ల ప్రశ్నపత్రాలు, ఏ సెమిస్టర్‌లో ఏ పేపరు ఎవరు చెప్పారు, వాళ్లు పర్మనెంటా గెస్టా అన్నది పెడితే చాలు. క్యాంపస్ డ్రోన్ వీడియోకి పెట్టే ఖర్చులో పదో వంతు కూడా కాదు. మన ఎస్వీ యూనివర్సిటీ పరిధిలోని కాలేజీలతోనే ఇది మొదలుపెట్టొచ్చు. సొంతంగా పేపర్లు తయారుచేసుకునే అటానమస్ కాలేజీలైతే రేపే పెట్టొచ్చు. అడ్మిషన్ల కోసం మా ఇంటర్ కాలేజీకి కరపత్రాలు పట్టుకుని వచ్చేవాళ్లని ఈ ఏడాది నుంచి నేను ముందుగా అడగబోయేది ఆ కాగితాలే.